మెరిసే స్టీల్ గిన్నె మీద ఐఆర్ గన్ తప్పు చూపిస్తోందా? ఇలా కొలవండి

దోసె పెనం ఎంత కాలిందో చూద్దామని ఐఆర్ గన్ (ముట్టుకోకుండా దూరం నుంచే టెంపరేచర్ చూపించే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్) కొనుక్కున్నవాళ్ళు ముందు ఒక్క సంగతి తెలుసుకోండి, అది నేరుగా వేడిని కొలవదు. వేడి వస్తువు వదిలే ఇన్‌ఫ్రారెడ్‌ని పట్టుకుని దాన్నిబట్టి టెంపరేచర్ లెక్కేస్తుంది, అంతే. ఇన్‌ఫ్రారెడ్ అంటేనే వేడి అనుకుంటారు చాలామంది, కానీ అదీ వెలుగే, మన కంటికి కనపడదు, ఏదో ఒక వస్తువు దాన్ని పీల్చుకున్నాకే వేడవుతుంది. ఆమాటకొస్తే కనపడే వెలుగు పీల్చుకున్నా వేడెక్కుతుంది, ఎండకి నల్లబండ కాలేది రెండిటివల్లా.

మెరిసే స్టీల్ మీద గన్ ఎలా తప్పు చూపిస్తుందో ఇంట్లోనే చూడొచ్చు. బాగా మెరిసే స్టీల్ గిన్నె తీసుకుని బయటివైపు నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క బుడగల్లేకుండా అతికించండి. నీళ్ళు వేరేగా కాచి, కొంచెం చల్లారాక ఆ గిన్నెలో పోయండి, టేపు ఉన్న గిన్నెని మాత్రం స్టవ్ మీద పెట్టకండి. రెండు నిమిషాలాగి ముందు మెరిసే చోట, తర్వాత టేపు మీద గన్ పెట్టి చూడండి. నాకు స్టీల్ మీద 38 డిగ్రీలొచ్చింది, టేపు మీద 71. గిన్నె అదే, నీళ్ళూ అవే!

ఎందుకంటే నున్నటి స్టీల్ తన ఇన్‌ఫ్రారెడ్‌ని చాలా తక్కువ వదులుతుంది, పైగా ఎదురుగా ఉన్న గోడదీ మనదీ అద్దంలా వెనక్కి కొడుతుంది, గన్ అదంతా కలిపి చదివేస్తుంది. ఈ వదిలే గుణాన్నే ఎమిసివిటీ అంటారు, 0 నుంచి 1 దాకా లెక్క. మామూలు గన్లలో చాలావాటికి 0.95 అని ఫిక్స్ చేసేసి ఉంటుంది, టేపు, నూనె, నూనె పట్టి నల్లబడ్డ ఇనప పెనం దానికి దగ్గర్లోనే ఉంటాయి కాబట్టి వాటిమీద రీడింగ్ నమ్మొచ్చు. కొత్త స్టీల్ కడాయి మీద నమ్మొద్దు.

దూరం కూడా చూసుకోవాలి. గన్ మీద 12:1 అని ఉంటే 12 అంగుళాల దూరం నుంచి ఒక అంగుళం వెడల్పు చోటు సగటు చూపిస్తుందని, గన్ నుంచి పడే ఎర్ర లేజర్ చుక్క గురి కోసమే. మెరిసే గిన్నె మీద ఆ లేజర్ తిరిగి కళ్ళలోకి కొట్టకుండా జాగ్రత్త, పిల్లలుంటే మరీ.

అద్దం మూత పైనుంచి కూర వేడి చూడాలంటే కుదరదు, ఈ ఇన్‌ఫ్రారెడ్‌కి అద్దం గోడలాంటిది, మూత వేడే వస్తుంది. మూత తీసి, ఆవిరి పోనిచ్చి, గరిటెతో ఓసారి అడుగునుంచి కలిపి అప్పుడు చూడండి, గన్‌కి తెలిసేది పైపొర ఒక్కటే.