హైడ్రోజన్‌లో తేమ ఎక్కువ చూపిస్తోందా? డ్రయ్యర్‌ను తిట్టే ముందు గొట్టాన్ని చూడండి

సమస్య: వాహనాల హైడ్రోజన్‌కు ఐఎస్ఓ 14687 ప్రమాణం పెట్టిన హద్దు తేమకు 5 పీపీఎం (అంటే పది లక్షల వంతుల్లో అయిదు), ఆక్సిజన్‌కు 5, నైట్రోజన్‌కు 300. మలినాలను కొలిచే మీ ఎనలైజర్ తేమ 8 అంటోంది. వెంటనే హైడ్రోజన్‌ను ఆరబెట్టే డ్రయ్యర్ పాడైందని తేల్చేసి, అందులో తేమ పీల్చే గుళికలన్నీ మార్పిస్తారు. మర్నాడు మళ్లీ 8. గుళికల డబ్బు గోవిందా.

ఫోను ఎత్తే ముందు ఒక్క పని చేయండి. పీడనం మార్చకుండా ఎనలైజర్‌కు వెళ్లే ప్రవాహాన్ని రెట్టింపు చేయండి: నిమిషానికి అర లీటరు ఉంటే లీటరు. అంకె నిలకడపడే దాకా ఆగండి. తేమ విషయంలో అందుకు గంటలు పడుతుంది, కాబట్టి టీ తాగి వచ్చి రాసుకోవడం కుదరదు. మలినం ఇంధనంలోనే ఉంటే అంకె కదలదు. దారిలో చేరుతుంటే తగ్గుతుంది, ఎందుకంటే చొరబడే తేమ అంతే, దాన్ని పంచుకునే వాయువు రెట్టింపు. 8 కాస్తా 5కు దిగిందనుకోండి. రెండో అంకెను రెట్టించి మొదటిదాన్ని తీసేస్తే 2. ఇంధనంలో ఉన్న తేమ సుమారుగా అంతే. పైసా ఖర్చు లేని ఈ పరీక్షను వదిలేసి వేల రూపాయల గుళికలు కొనేవాళ్లను చూసి చూసి విసుగొచ్చింది.

కారణం: చాలాసార్లు దొంగ ఎవరంటే, ఎనలైజర్‌కు వాయువును తీసుకెళ్లే టెఫ్లాన్ లేదా నైలాన్ గొట్టమే. ‘లోపల పీడనం ఎక్కువ కదా, బయటి గాలి ఎలా వస్తుంది?’ అని వాదిస్తారు. ప్లాస్టిక్ గోడ మొత్తం పీడనాన్ని లెక్కచేయదు. ఒక్కో వాయువు తన వంతు పీడనం ఎటు తక్కువగా ఉంటే అటు ఇంకుతుంది. ముసురు పట్టిన ఆషాఢంలో హనుమకొండ గాలిలో తేమ దాదాపు 30,000 పీపీఎం. గొట్టం లోపల అయిదు. మధ్యలో అడ్డు మిల్లీమీటరు మందం ప్లాస్టిక్. సబ్బునీళ్లు పూసి, బుడగ రాలేదని నిశ్చింతగా కూర్చుంటే లాభం లేదు. బుడగ బయటికి పోయే హైడ్రోజన్ సంగతి చెబుతుంది, లోపలికి ఇంకే తేమ సంగతి కాదు.

నైట్రోజన్, ఆక్సిజన్ కూడా పెరిగాయా? వాటి నిష్పత్తి చూడండి. 3.7 దగ్గర ఉంటే గాలి నేరుగా వస్తోంది: వదులైన ఫిట్టింగో, వాయువుతో సరిగా కడగని నమూనా సిలిండరో. అంతకన్నా బాగా తక్కువైతే ప్లాస్టిక్‌ను అనుమానించండి, దానిలోంచి ఆక్సిజన్ నైట్రోజన్ కంటే త్వరగా దూరుతుంది. తేమ ఒక్కటే పెరిగి, మధ్యాహ్నం ఎక్కి తెల్లవారుజామున దిగుతుంటే ఉక్కు గోడలకు పట్టిన తేమ ఎండ వేడికి ఊడి వస్తున్నట్టు. ప్లాస్టిక్ గొట్టం కూడా ఎండలో ఎక్కువ తేమను లోపలికి వదులుతుంది, కాబట్టి ముందు దాన్ని తీసేసి ఆ తర్వాత ఈ మాట అనండి. రోహిణి కార్తెలో ఏసీ ఆగిన గదిలో ఈ ఎత్తుపల్లాలు చాలా స్పష్టంగా కనిపిస్తాయి.

పరిష్కారం: ప్లాస్టిక్ అంతా తీసేసి, లోపల ఎలక్ట్రోపాలిష్ చేసిన (విద్యుత్తుతో నునుపు చేసిన) 316ఎల్ రకం స్టీలు గొట్టం వీలైనంత పొట్టిగా వేయండి. హీటింగ్ టేపు చుట్టి పగలూ రాత్రీ ఒకే వేడిలో, 60 డిగ్రీల దగ్గర ఉంచండి. టీ జాయింటుకు వేలాడే ప్రెషర్ గేజ్‌ను తీసేయండి. దాని లోపలి వంపు గొట్టంలో ప్రవాహం ఉండదు, ఎంతసేపు వాయువు వదిలినా పాత గాలి కదలదు. సిలిండర్‌ను కూడా ఊరికే ప్రవాహంతో కడగకండి. పది బార్ దాకా నింపి ఒక బార్‌కు వదలండి, రెండూ సంపూర్ణ పీడనాలే. ప్రతి విడతకూ పాత గాలి పదో వంతే మిగులుతుంది. గోడకు పట్టిన తేమ మాత్రం దీనికి లొంగదు, సిలిండర్‌ను వేడి చేసి వాక్యూమ్ పెట్టాల్సిందే.

మిగతావి అరుదు. మామూలు ఉష్ణోగ్రతలో మాలిక్యులర్ సీవ్ కాలమ్ (వాయువులను విడదీసి కొలిచేందుకు వాడే గొట్టం) ఆర్గాన్‌ను, ఆక్సిజన్‌ను విడదీయలేక గ్రాఫులో ఒకే శిఖరంగా చూపవచ్చు. గదిలోని ఆక్సిజన్ సెన్సార్‌తో కాకుండా ఇంధనానికే వాడే ఆక్సిజన్ ఎనలైజర్‌తో సరిచూసుకోండి. గంధకం సున్నా అని చూపితే మాత్రం సంతోషించకండి. దాని హద్దు 0.004 పీపీఎం, మామూలు స్టీలు గోడ అంత గంధకాన్ని నమూనా ల్యాబుకు చేరేలోపే మింగేస్తుంది. లోపల సిలికాన్ పూత ఉన్న సిలిండర్‌లో మళ్లీ తీయండి.