ఇంట్లో టాకోలు – 2వ పాఠం: సోయా గ్రాన్యూల్స్‌తో కీమా లాంటి కూర

మొదటి పాఠంలో మాసా హరీనా అనే మొక్కజొన్న పిండితో టోర్టియాలు, అంటే టాకోకు వాడే పలుచని రొట్టెలు, ఒత్తి కాల్చడం నేర్చుకున్నాం. ఈసారి వాటి మధ్యలో పెట్టే కూర. 8 నుంచి 10 చిన్న టాకోలకు 100 గ్రాముల సోయా గ్రాన్యూల్స్ చాలు. మీల్ మేకర్ ఉండలే ఇంట్లో ఉంటే నానబెట్టి పిండాక మిక్సీలో రెండు మూడుసార్లు ఆపి ఆపి తిప్పండి. ఆపకుండా తిప్పితే ముద్దవుతుంది.

ముందు సరుకు సంగతి తెలియాలి. నూనె తీసేసిన సోయా పిండిని వేడితో, ఒత్తిడితో ఉబ్బించి చేసిన గుల్ల ఇది. సుమారు సగం ప్రోటీనే, కొవ్వు దాదాపు లేదు. మాంసం కీమా తన కొవ్వు తనే వదిలి అందులోనే వేగుతుంది. దీనికి ఆ వీలు లేదు కాబట్టి నూనె మనమే పోయాలి. ఇక్కడ పొదుపు చేస్తే మిగిలేది రంపపు పొట్టు. పైగా ఇది స్పాంజి లాంటిది. కడుపు నిండా ఉత్త నీళ్లు తాగిన గ్రాన్యూల్‌లోకి తర్వాత ఎంత మసాలా పోసినా దిగదు. అందుకే ఈ పాఠంలో సగం పని పిండడమే.

లీటరు నీళ్లు మరిగించి, టీస్పూన్ ఉప్పు వేసి, పొయ్యి కట్టేసి గ్రాన్యూల్స్ పోయండి. 10 నిమిషాలు చాలు. జల్లెడలో వంపి, రెండుసార్లు చన్నీళ్లతో కడగండి. సోయా పచ్చివాసన చాలావరకు ఆ నీళ్లతోనే పోతుంది. నానబెట్టిన నీళ్లలోనే వండేస్తే ఆ వాసన కూరలోనే ఉండిపోతుంది. ఇక పలుచని బట్టలో మూటగట్టి మెలిపెట్టి పిండండి. చుక్క రావడం ఆగిందనుకున్నాక మూట విప్పి, గ్రాన్యూల్స్ కలిపి, మళ్లీ పిండండి. రెండో పిండుడులో కూడా నీళ్లు వస్తాయి, చూడండి. తూకం ఉంటే వేసి చూడండి: సుమారు 250 గ్రాములు ఉండాలి. 300 దాటితే ఇంకా నీరుంది.

వెడల్పాటి మందపాటి పెనంలో 2 టేబుల్‌స్పూన్ల నూనె బాగా కాగనిచ్చి గ్రాన్యూల్స్ పలచగా పరవండి. రెండు నిమిషాలు గరిట పెట్టకండి. మొదట ఆవిరి లేస్తుంది, బుసబుసమంటుంది. ఆవిరి తగ్గి చిటపట మొదలైతే అప్పుడు వేగుతున్నట్టు. తడి ఉన్నంతసేపూ వేడి 100 డిగ్రీలు దాటదు, ఎరుపు రంగు రావాలంటే 140 దాకా వెళ్లాలి. అప్పుడప్పుడూ తిప్పుతూ మొత్తం 7, 8 నిమిషాలు వేయించండి. అంచులు ఎర్రబడి, వేరుశనగలు వేపినట్టు వాసన రావాలి. పెనం చిన్నదైతే రెండు విడతలుగా వేయించండి. గుట్టగా పోస్తే ఉడుకుతాయి తప్ప వేగవు.

వేగినవాటిని పక్కకు జరిపి, ఖాళీ అయిన చోట ఇంకో టేబుల్‌స్పూన్ నూనెలో సన్నగా తరిగిన ఉల్లిపాయ ఒకటి, వెల్లుల్లి రెబ్బలు 4 మగ్గించండి. మంట తగ్గించి జీలకర్ర పొడి ఒకటిన్నర టీస్పూన్లు, పొగ వాసన ఉన్న పాప్రికా (ఒక రకం ఎండుమిరప పొడి) ఒకటి, ఒరెగానో (ఎండు ఆకుల మసాలా) ఒకటి, కారం అర టీస్పూన్ వేయండి. 30 సెకన్లు చాలు. మంట తగ్గించకపోతే జీలకర్ర పొడి మాడి కూరంతా చేదెక్కుతుంది, తర్వాత ఏం కలిపినా ఆ చేదు పోదు. వెంటనే 2 టేబుల్‌స్పూన్ల టమాటా పేస్టు వేసి, రంగు ముదిరేదాకా కలపండి. టమాటాను ముందే వేస్తే దాని తడి, పులుపు రెండూ గ్రాన్యూల్స్‌ను ఎర్రబడనివ్వవు.

ఇప్పుడు స్పాంజికి తాగించే సమయం. 150 మిల్లీలీటర్ల వేడినీళ్లలో టేబుల్‌స్పూన్ సోయా సాస్ కలిపి పోసి, అన్నీ కలిపి, మూడు నాలుగు నిమిషాలు ఇగరనివ్వండి. గరిటతో పెనం అడుగున గీత గీస్తే నీళ్లు ఊరకూడదు. ఊరితే టాకో పట్టుకున్న చేతిలోనే టోర్టియా చినుగుతుంది. ఉప్పు ఇప్పుడు చూసి వేయండి, సోయా సాస్‌లో ఇప్పటికే చాలా ఉంటుంది. దించాక అర నిమ్మకాయ పిండండి. సోయా సాస్‌లో మామూలుగా గోధుమ ఉంటుంది, గ్లూటెన్ పడనివారు గోధుమ లేని రకం చూసి కొనాలి.

రబ్బరులా సాగుతోందంటే సరిగ్గా నానలేదు. ఇంకో 50 మిల్లీలీటర్ల నీళ్లు పోసి మూతపెట్టి 5 నిమిషాలు ఉంచండి. పొడిపొడిగా గొంతుకు అడ్డం పడుతోందంటే లోపం నూనెది. నీళ్లు పోస్తే మెత్తబడుతుంది కానీ రుచి రాదు.

అభ్యాసం: నానిన గ్రాన్యూల్స్‌ను రెండు భాగాలు చేయండి. ఒకదాన్ని జల్లెడలో వార్చి వదిలేయండి, రెండోదాన్ని బట్టలో రెండుసార్లు పిండండి. రెంటినీ విడివిడిగా ఒకే మంట మీద 8 నిమిషాలు వేయించి, మసాలా లేకుండానే నోట్లో వేసుకుని చూడండి. మూడో పాఠం పచ్చి సాల్సా (టాకో మీద వేసుకునే పచ్చడి లాంటిది), అంతలోపు ఈ కూర మూతపెట్టి ఫ్రిజ్‌లో 3 రోజులు నిలవ ఉంటుంది.