క్యాపులిన్ అగ్నిపర్వతం ఎక్కే ముందు జాగ్రత్తలు

డల్లాస్ నుంచి కొలరాడో వెళ్లే మనవాళ్లకు, క్లేటన్ దాటాక న్యూమెక్సికోలో ఈ చల్లారిన అగ్నిపర్వతం దారిలోనే వస్తుంది. కారు 2 మైళ్ల ఘాట్‌రోడ్డులో బిలం అంచు దగ్గరి దాకా పోతుంది. ట్రైలర్ తగిలించి ఉంటే పైకి వదలరు.

□ అంచు చుట్టూ నడక 1 మైలే. సముద్రమట్టం నుంచి ఎత్తు మాత్రం 8,182 అడుగులు. అదే రోజు పల్లం నుంచి వచ్చినవాళ్లకు ఆయాసం తప్పదు. మనిషికి లీటరు నీళ్లు. తలనొప్పి, వికారం మొదలైతే వెంటనే దిగిపోండి.

□ వేసవిలో ఉదయమే ఎక్కండి. మధ్యాహ్నం ఉరుము వినబడితే అంచు మీద ఆగొద్దు, కారులోకి వచ్చేయండి.

□ గ్రిప్ ఉన్న బూట్లు. బాట పక్కనంతా వదులు లావా కంకర, బాట దిగితే కాలు జారుతుంది, కొండా కోసుకుపోతుంది.

□ ఇక్కడ టెంట్ వేయనివ్వరు. రాటన్ ఊరి దగ్గరి షుగరీట్ కేన్యన్ స్టేట్ పార్కులో ముందే చోటు బుక్ చేసుకోండి. అక్కడ ఎలుగుబంట్లు తిరుగుతాయి: పులిహోర డబ్బా, పచ్చడి సీసా, ఆఖరికి టూత్‌పేస్టు కూడా టెంట్‌లో ఉంచొద్దు.