తిరుపతిలో ఇల్లు కొనడం ఎలా? ముందు నేల, తర్వాతే గోడలు

తిరుపతిలో ఇల్లు చూపించే బ్రోకరు ముందుగా మిద్దె మీదికి తీసుకెళ్తాడు. "చూడండి సామీ, ఇక్కణ్ణుంచి కొండ కనబడతాది" అంటాడు. కొనేవాళ్ల మనసు సగం అక్కడే కరిగిపోతుంది. కొండ కనిపించినందుకు రేటూ కాస్త పెరుగుతుంది. కిందికి దిగాక మాత్రం మొదట ఒక్కటే అడగండి: ఈ ఇల్లు ఏ సర్వే నంబరులో ఉంది? దానికి నీళ్లు నమిలితే ఆ ఇంట్లో పడకగదులు ఎన్నున్నా మీకు అనవసరం.

1. అంకణం లెక్క తేల్చుకోండి

ఇక్కడ స్థలం రేటు గజాల్లో కంటే అంకణాల్లోనే ఎక్కువగా చెబుతారు. తిరుపతి అంకణం 36 చదరపు అడుగులు, అంటే 4 గజాలు. నెల్లూరు వైపు అంకణం దానికి రెట్టింపు, 72 చదరపు అడుగులు. ఆ ఊరి రేటుతో ఈ ఊరి రేటును పోల్చి, చవగ్గా వస్తోందనుకునేవాళ్లు ఉన్నారు. 40 అడుగుల వెడల్పు, 54 అడుగుల పొడవున్న స్థలం ఇక్కడి లెక్కలో 60 అంకణాలు, 240 గజాలు. దస్తావేజులో ఉన్న కొలతను అంకణాల్లోకి మార్చి చూసుకోండి, ఆ తర్వాత టేపు పట్టి నేల మీద కొలవండి. నగరంలో ఈ మధ్య మాస్టర్ ప్లాన్ రోడ్లు చాలా వేశారు. ముందువైపు రెండు మూడు అడుగులు రోడ్డులో కలిసిపోయినా, పాత దస్తావేజులో పాత కొలతే ఉంటుంది. లేని నేలకు డబ్బు కట్టొద్దు.

2. నేల ఎవరిదో చూడండి

ఎక్కువ సమయం పెట్టాల్సింది దీని మీదే. తిరుమల ఆలయ నిర్వహణ 1843 నుంచి 1933లో టీటీడీ ఏర్పడేదాకా హథీరాంజీ మఠం మహంతుల చేతిలో ఉండేది. ఆ మఠానికి తిరుపతి చుట్టుపక్కల ఇప్పటికీ భూములున్నాయి. ఊరు పెరిగేకొద్దీ మఠం భూముల్లో ఇళ్లు లేచాయి, చేతులు మారాయి, వివాదాలు కోర్టుకెక్కాయి. వీటికి తోడు టీటీడీ భూములు, ఇతర గుళ్ల మాన్యాలు, చెరువు, వాగు పోరంబోకులు (ఎవరికీ పట్టా ఇవ్వని సర్కారు నేలలు), భూమిలేని పేదలకు సర్కారు ఇచ్చిన డీకేటీ పట్టాలు. వీధిలో నిలబడి చూస్తే ఏ ఇల్లు ఏ నేల మీద ఉందో తెలియదు. అన్నింటికీ గ్రానైట్ గడపే, అన్నింటికీ కరెంటు మీటరే. ఇంటి పన్ను రసీదు చూపించి "ఇరవై ఏళ్లుగా కడతావుండాము" అంటారు. పన్ను కట్టినంత మాత్రాన నేల సొంతమైపోదు.

చూడాల్సిన చోటు రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులోని నిషేధిత ఆస్తుల జాబితా. 22ఏ జాబితా అని జనం పిలిచేది దీన్నే. జిల్లా, మండలం, గ్రామం, సర్వే నంబరు ఇచ్చి వెతకాలి. గ్రామం దగ్గర చాలామంది తికమకపడతారు. బ్రోకరు ఏదో నగర్ పేరు చెబుతాడు. రెవెన్యూ రికార్డులో అది అవిలాలో, అక్కారంపల్లో, మంగళమో అయి ఉంటుంది. దస్తావేజు షెడ్యూలులో ఉన్న రెవెన్యూ గ్రామం పేరుతోనే వెతకండి. సబ్‌డివిజన్ నంబరుతో ఏమీ కనిపించకపోతే అక్కడితో ఆపకుండా అసలు సర్వే నంబరుతో కూడా చూడండి. జాబితాలో (సి) కింద ఉంటే అది దేవాదాయ, ధార్మిక సంస్థల భూమి. "మేం ఎలాగో క్లియర్ చేయిస్తాంలే" అనే మాట వినబడితే, క్లియర్ చేయించాకే రమ్మనండి.

డీకేటీ పట్టా భూముల అమ్మకాలను 1977 నాటి చట్టం నిషేధించింది. 2023లో సవరణ తెచ్చి, ఇచ్చి 20 ఏళ్లు దాటినవాటికి దారి తెరిచారు. ఆ వెసులుబాటులో అక్రమాలు జరిగాయంటూ 2024లో అలాంటి రిజిస్ట్రేషన్లను ఆపి విచారణ మొదలుపెట్టారు. కాబట్టి "ఇప్పుడు ఫ్రీహోల్డ్ అయిపోయింది" అన్న భరోసా మీద అడ్వాన్సు ఇవ్వొద్దు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో నేరుగా అడగండి.

ఇక నోటరీ కాగితాలు, వంద రూపాయల స్టాంపు మీద స్వాధీన ఒప్పందాలు, జీపీఏలు (యజమాని తన తరఫున వ్యవహరించమని వేరొకరికి రాసిచ్చే అధికార పత్రాలు). వీటితో యాజమాన్యం బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చి చెప్పింది. పక్కింటికంటే సగం ధరకే ఇల్లొస్తోందంటే, దాని వెనక సాధారణంగా ఇలాంటి కాగితమే ఉంటుంది.

3. ఈసీ తీయండి, ఆ తర్వాత ఇంట్లోవాళ్లను లెక్కపెట్టండి

ఈసీ అంటే ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే పత్రం. దాన్ని కనీసం 30 ఏళ్లకు తీయాలి. 1983 నుంచి ఉన్న వివరాలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. అంతకు ముందువి కావాలంటే ఆఫీసులో చేతిరాత పుస్తకాల్లో వెతికించుకోవాలి. ప్రతి లావాదేవీకి లింకు డాక్యుమెంటు, అంటే అప్పటి పాత దస్తావేజు, చేతిలో ఉందో లేదో సరిపోల్చండి. బ్యాంకు తాకట్టు కనిపిస్తే, అది తీరినట్టు రిజిస్టరైన రద్దు పత్రం కూడా ఈసీలో కనిపించాలి.

ఈసీ శుభ్రంగా ఉందని పొంగిపోకండి. రిజిస్టరైన సంగతులే అందులో ఉంటాయి. రిజిస్టరు కాని వీలునామా, కోర్టులో నడుస్తున్న భాగపరిష్కారం దావా, అన్నదమ్ముల మధ్య నోటిమాట ఒప్పందం, పెళ్లయి బెంగళూరులోనో చెన్నైలోనో ఉంటున్న ఆడబిడ్డ వాటా, ఇవేవీ అందులో కనబడవు. తాత కట్టిన ఇల్లు అంటే వారసులందరి సంతకాలు కావాలి. మన రాష్ట్రంలో ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు హక్కు 1985లోనే వచ్చింది, అప్పటికి పెళ్లికాని వాళ్లకు. 2005లో కేంద్ర చట్టం ఆ గీత కూడా చెరిపేసింది. "చెల్లెలికి పెళ్లిలో పెట్టాల్సింది పెట్టేశాం, ఆమె ఏమీ అనదు" అని అమ్మేవాళ్లు నిజాయితీగానే చెప్పొచ్చు. ఆ చెల్లెలే రిజిస్ట్రేషన్‌కు వచ్చి సంతకం పెట్టాలి, లేదంటే ముందే హక్కు విడుదల పత్రం రాసి రిజిస్టరు చేయించాలి. కుటుంబ సభ్యుల ధ్రువపత్రం అడగండి. అందులోని పేర్లూ సంతకం పెట్టేవాళ్ల పేర్లూ ఒకటొకటిగా టిక్కు పెట్టుకోండి.

ఇదంతా లాయరు చేత చూపించండి. ఆ లాయరు మీరు పెట్టుకున్నవాడై ఉండాలి, బ్రోకరు తెచ్చినవాడు వద్దు.

4. ప్లాను, అనుమతి

అనుమతి ఇచ్చేది నగరంలో కార్పొరేషన్, చుట్టుపక్కల తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ). అనుమతి పొందిన ప్లాను తీసుకుని ఇంటి ముందు నిలబడితే తేడాలు అవే కనబడతాయి. రెండంతస్తులకు అనుమతి ఉండి మూడు కట్టి ఉంటారు, మిద్దె మీద రేకుల గది ఉంటుంది. బ్యాంకు అప్పు కావాలంటే ఈ తేడా అక్కడే తగులుతుంది. లేఅవుట్‌కు అనుమతి లేకపోతే ఎల్‌ఆర్‌ఎస్ (లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం) కింద క్రమబద్ధీకరించుకున్నారా అని అడిగి, రసీదుతో సరిపెట్టకుండా ప్రొసీడింగ్స్, అంటే మంజూరు ఉత్తర్వు, చూడండి.

ఫ్లాట్ అయితే అవిభాజ్య వాటా, అంటే మొత్తం నేలలో మీకొచ్చే వాటా, ఎన్ని అంకణాలో దస్తావేజులో రాసి ఉండాలి. కొత్తది కడుతుంటే, స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఫ్లాట్లు ఎనిమిదికి మించినా రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పనిసరి. రిజిస్టర్డ్ అగ్రిమెంటు లేకుండా బిల్డరు పది శాతానికి మించి అడ్వాన్సు తీసుకోకూడదు.

5. నీళ్లు: రావలసినవి, రాకూడనివి

వేసవిలో బోరులో నీళ్లుంటాయా, కార్పొరేషన్ నీళ్లు ఎన్ని రోజులకోసారి వదులుతారు? ఇవి అమ్మేవాళ్లను అడిగి లాభం లేదు, ఎదురింటి అక్కను అడగండి. ఆమెనే ఇంకో మాట కూడా అడగండి: 2021 నవంబరు వానలకు ఈ వీధిలో నీళ్లు ఎంతవరకు వచ్చాయి? ఆ వానలకు నగరంలో కాలనీలకు కాలనీలే మునిగాయి. శ్రీకృష్ణానగర్‌లో నేలలో పూడ్చిన నీళ్లతొట్టి ఏకంగా పైకి లేచింది. పాత చెరువు కిందో, వాగు దారిలోనో ఉన్న ఇంటికి వాస్తు ఎంత కుదిరినా నీళ్లు తమ దారిన తాము వస్తాయి. గోడ అడుగున కొత్తగా రంగు వేసిన పట్టీ కనిపిస్తే, దాని పైఅంచు ఎక్కడిదాకా ఉందో చూడండి.

6. బేరం, అగ్రిమెంటు

ధర కుదిరాక టోకెన్ అడ్వాన్సుకు తొందరపెడతారు. "రేపు ఆషాఢం వచ్చేస్తుంది, ఈరోజే ఇచ్చేయండి" అంటారు. ఇచ్చేదేదైనా బ్యాంకు ద్వారా ఇవ్వండి. ఆస్తి లావాదేవీలో రూ.20,000, ఆపైన నగదుగా తీసుకుంటే, తీసుకున్నవారికే అంత మొత్తం జరిమానా పడొచ్చు. అమ్మేవాళ్లకు ఈ సంగతి చెబితే నగదు పట్టుదల కాస్త తగ్గుతుంది. అగ్రిమెంటులో గడువు, ఎవరు వెనక్కి తగ్గితే ఏం కావాలి, అద్దెకున్నవాళ్లను ఎవరు ఖాళీ చేయించాలి, ఈ మూడూ రాయించండి. బ్రోకరు కమీషన్ కూడా బేరానికి ముందే తేల్చుకోవాలి.

ధర రూ.50 లక్షలు, ఆపైన ఉంటే కొనేవాళ్లు ఒక శాతం టీడీఎస్ (అమ్మేవాళ్లకు ఇచ్చే డబ్బులోంచి ముందే కోసే ఆదాయపు పన్ను) పట్టుకుని కట్టాలి. అమ్మే ఆయన అమెరికాలో ఉంటే ఈ ఒక శాతం లెక్క చెల్లదు. ప్రవాసులకు పన్ను కోత చాలా ఎక్కువ. అది కట్టకపోతే బాధ్యత మీ నెత్తిన పడుతుంది, ఆడిటర్‌ను కలవకుండా ముందుకెళ్లొద్దు.

అమ్మేవాళ్లకు ఒక్క మాట

కొనేవాడు అడిగేదాకా ఆగకుండా పైన చెప్పినవన్నీ మీరే ఒక ఫైలులో పెట్టుకోండి. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల మాటలు బోర్డు పెట్టకముందే తేల్చుకోవాలి. రెండేళ్లు దాటి ఉంచుకున్న ఇంటి మీద లాభానికి 12.5 శాతం పన్ను ఉంటుంది. 2024 జులై 23కు ముందు కొన్నదైతే, ద్రవ్యోల్బణం లెక్క కట్టి 20 శాతం చొప్పున వేసిన పన్ను తక్కువైతే అదే కట్టొచ్చు. ఆ డబ్బుతో రెండేళ్లలో మరో ఇల్లు కొన్నా, మూడేళ్లలో కట్టుకున్నా మినహాయింపు దొరుకుతుంది.

7. రిజిస్ట్రేషన్, ఆ తర్వాత

స్టాంపు డ్యూటీ 5 శాతం, బదిలీ సుంకం 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1, మొత్తం 7.5 శాతం. మీరు రాసుకున్న ధర, సర్కారు మార్కెట్ విలువ, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దాని మీద లెక్క. ఆ రోజు పొద్దున మరోసారి ఈసీ తీసి చూడండి. సంతకాలకు ముందే షెడ్యూలులోని నాలుగు హద్దులు గట్టిగా చదివించుకోండి, తూర్పు పడమరలు తారుమారైతే సవరణ పత్రం కోసం అమ్మినవాళ్ల చుట్టూ తిరగాల్సి వస్తుంది.

ఆఖరి చెక్కు ఇచ్చేటప్పుడు లింకు డాక్యుమెంట్లన్నీ ఒరిజినల్స్‌తో సహా తీసుకోండి. ఇంటి పన్నులో మీ పేరు మారిందో లేదో చూసుకుని, మారకపోతే కార్పొరేషన్‌లోనో పంచాయతీలోనో దరఖాస్తు పెట్టండి. కరెంటు మీటరు పేరు మార్పిడికి అమ్మినవాళ్ల సమ్మతి పత్రం ఆ రోజే రాయించుకోండి.