రైట్‌సన్ బొమ్మను చూడటం ఎలా

అమెరికన్ కామిక్ చిత్రకారుడు బెర్నీ రైట్‌సన్ బొమ్మ కనబడగానే ఎవరైనా అనే మొదటి మాట "అబ్బ, ఎన్ని గీతలో!" అని. అందులో తప్పేం లేదు. కానీ అక్కడితో ఆగిపోతే మనం మెచ్చుకున్నది ఆయన ఓపికనే. ఓపిక చాలామందికి ఉంటుంది. గీతను ఎక్కడ ఆపేయాలో తెలిసినవాళ్లు తక్కువ. ఆయన బొమ్మల్లో వెలుగు అంటే వేరే ఏమీ కాదు, సిరా తగలకుండా వదిలేసిన కాగితం. కాబట్టి చూడటం ఆ తెలుపు దగ్గరే మొదలుపెట్టాలి.

ముందు ఏ బొమ్మలు చూడాలో తేల్చుకోండి. ఎక్కువమందికి ఆయన పేరు చెప్పగానే గుర్తొచ్చేది స్వాంప్ థింగ్ అనే చిత్తడినేల రాక్షసుడు. రచయిత లెన్ వీన్‌తో కలిసి సృష్టించిన ఆ పాత్ర 1971లో హౌస్ ఆఫ్ సీక్రెట్స్ అనే కామిక్ పత్రిక 92వ సంచికలో మొదటిసారి కనిపించింది. 1972లో సొంత పత్రికగా మొదలయ్యాక తొలి 10 సంచికలకూ బొమ్మలు ఆయనవే. చదవడానికి అవి బ్రహ్మాండం. గీత నేర్చుకోవడానికి మాత్రం అవి మొదటి మెట్టు కాదు. ఆ రోజుల నాసిరకం కాగితం సిరాను పీల్చుకుని గీతను లావు చేసేది, పైన రంగు చుక్కలు పడేసరికి సన్నటి గీతలు కొన్ని కనుమరుగయ్యేవి. 1974 ప్రాంతంలో క్రీపీ, ఈరీ అనే భయానక కథల పత్రికలకు నలుపు తెలుపుల్లో వేసిన కథలు మేలు. అన్నిటికంటే మేలైనది 1983లో మార్వెల్ అనే కామిక్ సంస్థ అచ్చువేసిన ఫ్రాంకెన్‌స్టైన్. మేరీ షెల్లీ 1818 నాటి నవలకు దాదాపు 50 బొమ్మలు. ఎవరూ డబ్బిచ్చి వేయించుకున్నవి కావవి. మిగతా పనుల మధ్య తీరిక చిక్కినప్పుడల్లా వేసుకుంటూ పోతే ఏడేళ్లు పట్టింది.

బొమ్మ ముందు కూర్చోగానే భూతద్దం తీయకండి. పుస్తకాన్ని చేయి చాచినంత దూరంలో పెట్టి, గీతలు కలిసిపోయేదాకా కళ్లు చికిలించండి. అప్పుడు మిగిలేవి మూడే: నలుపు, తెలుపు, మధ్యలో బూడిద. అగ్గిపెట్టె సైజు డబ్బా గీసి, లావు మార్కర్‌తో ఆ మూడింటినే రెండు నిమిషాల్లో దించండి. ముక్కూ కళ్లూ వద్దు. దించింది అసలు బొమ్మలా అనిపించకపోతే కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే. నలుపు తెలుపుల ముద్దల్ని చూడకుండా వస్తువుల అంచుల్ని గీశారు. పుస్తకాన్ని తలకిందులు చేసి మళ్లీ ప్రయత్నించండి. అది చెయ్యో కుర్చీయో తెలియనప్పుడు కన్ను ఆకారాన్ని ఉన్నదున్నట్టు చూస్తుంది.

ఫ్రాంకెన్‌స్టైన్ ప్రయోగశాల బొమ్మ మీద ఈ పని చేసి చూడండి. సీసాలు, గొట్టాలు, పరికరాలు కిక్కిరిసి ఉంటాయి. మామూలు చేతికి చిక్కితే అదంతా ఒకటే గందరగోళం అయ్యేది. మొదట మీ కన్ను ఎక్కడికి పోయిందో గుర్తుపెట్టుకుని, నలుపు పక్కనే తెలుపు ఎక్కువ పదునుగా తగులుతున్న చోట్లు వెతకండి. ఆ రెండూ చాలాసార్లు ఒకే చోట ఉంటాయి. మిగతా సామానంతా బూడిదలోకి తగ్గి ఉంటుంది కాబట్టే ఎన్ని వందల వస్తువులున్నా చూపు చెదరదు.

ఇప్పుడు భూతద్దం తీయొచ్చు. 5 రెట్లు చూపించేది చాలు. 10 రెట్లదైతే గీత కంటే కాగితం పీచు ఎక్కువ కనిపిస్తుంది. ఒక్క గాజు సీసాను పట్టుకోండి. దాని చుట్టూ పూర్తి అంచు గీసి ఉందా, లేక వెనకాల నీడ గీతలు ఆగిపోయిన చోటే మనకు అంచులా కనిపిస్తోందా? మెరుపు దగ్గర తెల్లరంగు పూశారా, కాగితాన్నే వదిలేశారా? గాజు వెనకున్న గీతలు సీసాలోంచి కనిపించేటప్పుడు దారి మళ్లుతున్నాయా? ఒక్కో సీసాకు ఐదు నిమిషాలు పడుతుంది. విసుగు పుట్టక్కర్లేదు, రెండు మూడు సీసాలు చాలు.

ఆ గీత మూలం ఎక్కడుందో తెలిస్తే చూపు ఇంకాస్త పదునెక్కుతుంది. రైట్‌సన్ ఈ బొమ్మలకు ఒరవడిగా తీసుకున్నవాళ్లలో ముందు తరం అమెరికన్ చిత్రకారుడు ఫ్రాంక్లిన్ బూత్ ముఖ్యుడు. బూత్ చిన్నప్పుడు పత్రికల్లో చెక్క దిమ్మల మీద చెక్కి అచ్చువేసిన బొమ్మలను చూసి, పాళీతో గీసినవే అనుకుని వాటిని నకలు చేస్తూ పెరిగాడు. ఆ పొరపాటులోంచే ఒక కొత్త శైలి పుట్టింది. చెక్కుడు పనిలో గీతల మీద గీతలు అడ్డంగా పేర్చడం కంటే, పక్కపక్కన నడిచే గీతల్ని లావుగా సన్నగా మార్చి నీడ తెస్తారు. రైట్‌సన్ ఆకాశంలో, గుడ్డ మడతల్లో ఈ పద్ధతి వెతకండి. గీతల దిశ మీద కూడా కన్నేయండి. ఒకే బూడిద రంగులో ఉన్న గోడను, దాని ముందున్న కోటును అంచు గీత లేకుండానే విడదీసేది గీతల దిశే. గోడ మీద నిటారుగా, కోటు మీద చేయి గుండ్రదనాన్ని చుట్టుకుంటూ.

ఫ్రాంకెన్‌స్టైన్ సృష్టించిన రాక్షసుడి ముఖం దగ్గరికి వచ్చాక ఒకసారి నవల తెరవండి. చదునైన నెత్తి, మెడలో బోల్టులు 1931 సినిమా ఇచ్చినవి. షెల్లీ రాసింది కండరాల్నీ రక్తనాళాల్నీ సరిగ్గా కప్పలేని పసుపు చర్మం, నిగనిగలాడే నల్లటి జుట్టు, ముత్యాల్లాంటి పళ్లు, నల్లటి పెదాలు. రైట్‌సన్ సినిమాను పక్కనపెట్టి ఈ మాటలకు బొమ్మ కట్టారు. అందుకే ఆ ముఖం భయపెడుతూనే జాలి పుట్టిస్తుంది.

చూసింది నిజంగా ఒంటబట్టాలంటే ఒక ముక్క నకలు చేయాలి. బొమ్మంతా వద్దు, 5 సెంటీమీటర్ల చదరం చాలు. అందులో నలుపు, తెలుపు, వాటి మధ్య మార్పు మూడూ ఉండాలి. దాన్ని రెట్టింపు సైజులో, నున్నటి బ్రిస్టల్ అట్ట (బొమ్మలు గీసే మందపాటి కాగితం) మీద, వంగే సన్న పాళీతో, ఇండియన్ ఇంక్‌తో గీయండి. పెద్ద నలుపులకు 2 లేదా 3 నంబరు కుంచె. అచ్చులో కనిపించేది అసలు కంటే చిన్నది. అప్పటి అమెరికన్ కామిక్ పేజీల బొమ్మను సుమారు 10 అంగుళాలకు 15 అంగుళాల్లో వేసి, దాదాపు మూడింట రెండొంతులకు తగ్గించి అచ్చువేసేవారు. అచ్చు సైజులోనే అంత సన్నగా గీయబోతే చేయి బిగుసుకుపోతుంది.

గీతను చీకట్లో మొదలుపెట్టి వెలుగు వైపు లాగుతూ చివర్లో పాళీని ఎత్తేయాలి. తిరగేసి గీస్తే వెలుగులో సిరా బొట్టు నిలిచిపోతుంది. అర మిల్లీమీటరు గీతకు అర మిల్లీమీటరు ఖాళీ వదిలితే దూరం నుంచి సరిగ్గా సగం బూడిద. నీడ పెంచాలంటే ముందు గీత లావు చేయండి, తర్వాతే అడ్డగీతలకు పోండి. అడ్డగీతలు నిలువునా 90 డిగ్రీల్లో కొడితే జల్లెడలా కనిపిస్తుంది. 30 డిగ్రీలకు అటూఇటూ ఉంటే నీడలా కలిసిపోతుంది. కింది వరస ఆరకముందే పై వరస వేస్తే పాళీ తడి కాగితం పీచును లేపి, ఆ పీచు సిరాను ఈడ్చుకుపోతుంది. చదరం పూర్తయ్యాక ఎక్కువమంది నకళ్లు అసలు కంటే నల్లగా వస్తాయి. ఖాళీలు పూడ్చేయాలన్న తహతహ అది.

ఫోన్ తెరను నమ్ముకోవద్దు. బొమ్మను తెరకు సరిపడా కుదించగానే దగ్గరి గీతలు కలిసిపోయి, అసలులో లేని అలల చారలు పుడతాయి. పుస్తకం కొనేటప్పుడు కూడా ఒకే పరీక్ష. అన్నిటికంటే చీకటి మూల తెరిచి చూడండి. గీతల మధ్య సన్నటి తెలుపు బతికి ఉంటే మంచి ముద్రణ. మూసుకుపోయి ఉంటే పక్కన పెట్టేయండి.

సంతకం కూడా కాలం చెబుతుంది. అదే పేరుతో ఒక ఒలింపిక్ డైవర్ ఉండటంతో తొలి రోజుల్లో ఆయన తన మొదటి పేరు ఇంగ్లీషు స్పెల్లింగులో చివరి 'ఈ' అక్షరం తీసేసి రాసేవారు.

కన్ను ఎంత కుదిరిందో తేల్చుకోవాలంటే రచయిత స్టీవ్ నైల్స్‌తో కలిసి ఆయన 2012లో మొదలుపెట్టిన నాలుగు సంచికల కామిక్ ఫ్రాంకెన్‌స్టైన్ అలైవ్, అలైవ్ తీసుకోండి. 2017లో రైట్‌సన్ కన్నుమూశారు. చివరి సంచికను కెల్లీ జోన్స్ అనే మరో చిత్రకారుడు పూర్తిచేయగా 2018లో వచ్చింది. పేర్ల పేజీ చూడకుండా, చేయి ఏ పేజీ దగ్గర మారిందో కనిపెట్టడానికి ప్రయత్నించండి. ముఖాలు చూడకండి, నీడలు వెలుగులోకి ఎలా విడిపోతున్నాయో చూడండి.