పోలీసు ఉద్యోగం నుంచి రిటైరయ్యాక గన్ లైసెన్స్ ఎలా తీసుకోవాలి?

ముప్పై ఏళ్లు నడుముకు పిస్టల్ పెట్టుకుని తిరిగిన సీఐ అయినా సరే, రిటైరైన మర్నాటి నుంచి తుపాకీ విషయంలో మామూలు పౌరుడే. 1959 నాటి ఆయుధాల చట్టం 45వ సెక్షన్ కింద లైసెన్స్ అక్కర్లేదన్న మినహాయింపు డ్యూటీలో ఉన్న ప్రభుత్వోద్యోగికే. లైసెన్స్ లేకుండా తుపాకీతో దొరికితే, 2019 సవరణ తర్వాత, కనీసం 2 ఏళ్లు, గరిష్ఠంగా 5 ఏళ్లు జైలు. పాత ఐడీ కార్డు అక్కడ పనికిరాదు.

1. సర్వీస్ వెపన్ అప్పగించండి. రౌండ్లు లెక్కపెట్టి బెల్ ఆఫ్ ఆర్మ్స్‌లో (పోలీసు ఆయుధాలు భద్రపరిచే గదిలో) ఇచ్చి, ముట్టినట్టు కాగితం తీసుకోండి. పింఛను ఫైలు కదలాలన్నా ఈ లెక్క తేలాలి.

2. తుపాకీ ఎందుకో కాగితం మీద పెట్టండి. అసలు పనంతా ఇక్కడే ఉంది. 2016 ఆయుధాల నిబంధనల్లో 12వ నిబంధన రాష్ట్ర పోలీసు శాఖలో పనిచేసినవాళ్ల దరఖాస్తును పరిశీలించాలని స్పష్టంగానే చెబుతుంది. అయితే ప్రాణానికో ఆస్తికో నిజంగా రక్షణ అవసరం ఉండాలన్న షరతూ పక్కనే ఉంది. చాలామంది మొదటి సగం చదివి ధీమాగా వెళ్తారు. ‘నక్సల్ ఏరియాలో పనిచేశాను’ అని ఒక్క ముక్క రాస్తే చాలదు. ఏ స్టేషన్‌లో, ఏ ఏడాది, ఏ కేసు దర్యాప్తు చేశారు, శిక్ష పడినవాళ్లు ఎవరు, బెదిరింపు వస్తే ఫిర్యాదు ఎప్పుడిచ్చారు అన్నవి రాసి, ఎఫ్‌ఐఆర్ నకళ్లు జతచేయండి. ఊళ్లో హోదా కోసమైతే అడక్కపోవడమే మేలు.

3. ఫారం ఎ-1లో దరఖాస్తు చేయండి. హైదరాబాద్‌లాంటి కమిషనరేట్లలో పోలీస్ కమిషనర్‌కు, మామూలు జిల్లాల్లో కలెక్టర్‌కు. గుర్తింపు, చిరునామా పత్రాలు, సర్వీస్ వివరాలు, శారీరక మానసిక ఆరోగ్యంపై డాక్టర్ సర్టిఫికెట్, వెపన్‌ను ఇంట్లో భద్రంగా ఉంచుతానన్న హామీ జతచేయాలి.

4. విచారణకు సిద్ధంగా ఉండండి. రిపోర్ట్ రాసేది మీ ఇంటి దగ్గరి స్టేషనే. ఒకప్పుడు మీ దగ్గర ట్రైనింగైన కుర్రాడే ఎస్‌హెచ్‌ఓగా (స్టేషన్ ఇన్‌చార్జిగా) వచ్చి ప్రశ్నలడగొచ్చు. అడగనివ్వండి, అది ఆయన డ్యూటీ. మీమీద కేసులో, శాఖాపరమైన చర్యలో ఉంటే దాచొద్దు. ఎలాగూ రికార్డులో ఉంటాయి.

5. వెపన్ కొనండి. అలవాటైన 9 ఎంఎం అడగొద్దు, అది నిషిద్ధ బోరు (మామూలు లైసెన్స్ మీద ఇవ్వని గొట్టం సైజు). మామూలు లైసెన్స్ మీద దొరికేది .32 రివాల్వరో పిస్టలో. కొన్నాక లైసెన్సింగ్ అధికారికి చూపించి నంబరు ఎక్కించుకోవాలి. లైసెన్స్‌కు యూఐఎన్ (ప్రత్యేక గుర్తింపు నంబరు) ఉందో లేదో చూసుకోండి. ఒకరికి రెండు ఆయుధాలే పరిమితి.

6. బయటికి తీసుకెళ్లేటప్పుడు హోల్‌స్టర్‌లో ఉంచండి. లైసెన్స్ ఏ ప్రాంతానికి చెల్లుతుందో దానిమీదే ఉంటుంది. తెలంగాణకే పరిమితమైన లైసెన్స్‌తో కోదాడ దాటి విజయవాడ పెళ్లికి వెళ్తే, చెక్‌పోస్టు దగ్గర మీరే ముద్దాయి. పెళ్లి ఊరేగింపులో గాల్లోకి కాల్చి ఎవరి ప్రాణానికైనా ముప్పు తెస్తే 2 ఏళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఎన్నికలప్పుడు డిపాజిట్ చేయమని పిలిస్తే ఇచ్చి రసీదు తీసుకోండి.

లైసెన్స్ గడువు 5 ఏళ్లు. అది ముగియడానికి రెండు నెలల ముందే రెన్యువల్‌కు పెట్టండి. లైసెన్స్ ఇవ్వకపోతే కారణాలు రాతపూర్వకంగా అడగండి, ఆయుధాల చట్టం 18వ సెక్షన్ కింద అప్పీలుకు అవే ఆధారం.

ఇంకోమాట. లైసెన్స్, తాళాలు ఎక్కడున్నాయో ఇంట్లో ఒకరికి చెప్పి ఉంచండి. మీ తర్వాత ఆ తుపాకీ బీరువాలో ఉండిపోతే చిక్కు మీ పిల్లలకే. వాళ్లు దాన్ని ఆలస్యం చేయకుండా స్టేషన్‌లోనో లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గరో డిపాజిట్ చేయాలి. తర్వాత అమ్ముకోవచ్చు, లేదా తమ పేరిట లైసెన్స్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు.