ఇంటి సర్వర్ పాఠాలు – 5: పడుకున్న డిస్కును లేపుతున్నదెవరు?

పోయిన పాఠం చూసి స్పిన్‌డౌన్ (కాసేపు వాడకపోతే హార్డ్ డిస్కు తిరగడం ఆపేసే ఏర్పాటు) పెట్టుకున్నవాళ్లలో చాలామంది రాసింది ఒకటే సంగతి. డిస్కు ఆగుతోంది, కాసేపటికే గిర్రున లేస్తోంది, మళ్లీ ఆగుతోంది, రాత్రంతా ఇదే వరస. ఒకరైతే పక్కగదిలో పడుకుని ఆ చప్పుళ్లు లెక్కపెట్టారట. కాబట్టి ఈసారి చెబుతానన్న రెయిడ్ (చాలా డిస్కులను కలిపి ఒకటిగా వాడే పద్ధతి) పాఠం వెనక్కి జరుపుతున్నాను. ముందు ఇది తేలాలి. ఇలాగే వదిలేస్తే కరెంటు మిగలకపోగా డిస్కు అరుగుతుంది.

మొదట టైమర్‌కు రాసిన 20 సంగతి. డిస్కు సెట్టింగులు మార్చే హెచ్‌డీపార్మ్ కమాండ్‌లో, ఎంతసేపటికి ఆగాలో చెప్పే పెద్ద ఎస్ ఆప్షన్ పక్కన 20 రాసినవాళ్లంతా ఇరవై నిమిషాలు అనుకున్నారు. అది 100 సెకన్లు. పోయినసారి నేను ఈ లెక్క విడమరిచి చెప్పి ఉండాల్సింది, ఇప్పుడు చెబుతున్నాను, దయచేసి కాగితం మీద రాసుకోండి. 1 నుంచి 240 వరకు ఏ అంకె రాసినా దాన్ని 5 సెకన్లతో గుణించాలి. 12 రాస్తే ఒక నిమిషం, 60 రాస్తే గంట కాదు, 5 నిమిషాలు, 120 రాస్తే 10 నిమిషాలు, 240 రాస్తే 20 నిమిషాలు. అక్కడి నుంచి లెక్క మారిపోతుంది. 241 నుంచి 251 వరకు, రాసిన అంకెలోంచి 240 తీసేస్తే ఎంత వస్తుందో అన్ని అరగంటలు. అంటే 241 అరగంట, 242 గంట, 244 రెండు గంటలు, 251 ఐదున్నర గంటలు. 252 రాస్తే మళ్లీ కిందికి దిగి 21 నిమిషాలు. 0 రాస్తే టైమర్ లేనట్టే. డ్రైవుకు వెళ్లేది ఒక్క బైటు, అందులోనే సెకన్ల నుంచి గంటల దాకా అన్నీ ఇరికించాలి కాబట్టి ఈ మెలిక వచ్చింది. అర్థం తెలియకుండా ఎక్కడిదో కమాండ్ కాపీ చేసి రూట్‌గా (సర్వాధికారాలతో) కొట్టడం నాకు అస్సలు నచ్చని పని, ఈ ఒక్క ఆప్షన్ దగ్గరే ఎన్ని డిస్కులు అనవసరంగా తిరిగి తిరిగి ఆగుతున్నాయో.

100 సెకన్లు ఎందుకు చెడ్డదో చూద్దాం. 3.5 అంగుళాల డిస్కు లేచేటప్పుడు 12 వోల్టుల లైన్ మీద సుమారు 2 ఆంపియర్లు లాగుతుంది, అంటే 24 వాట్లు. 10 సెకన్ల పాటు అలాగే లాగిందనుకుంటే 240 జౌళ్లు. ఆగి ఉన్నప్పుడు మనకు మిగిలేది ఊరికే తిరిగే డిస్కుతో పోలిస్తే దాదాపు 4 వాట్లు. అంటే ఒక నిమిషం ఆగి ఉంటేగానీ లేచిన ఖర్చు కూడా రాదు. ఇక అరుగుదల. పాత తరం డెస్క్‌టాప్ డ్రైవుల డేటాషీట్లలో తరచు కనిపించే స్టార్ట్-స్టాప్ పరిమితి 50,000. పది నిమిషాలకోసారి ఏదో ఒకటి దాన్ని లేపుతోందంటే రోజుకు 144 సార్లు. భాగించండి, 347 రోజులు. ఏడాది కూడా తిరగదు. డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే స్మార్ట్ పట్టికలో 4వ నంబరు ఈ స్టార్ట్-స్టాప్ లెక్క, 193వ నంబరు చదివే, రాసే హెడ్‌లు పక్కకు జరిగి పార్క్ అయిన లెక్క. రెండూ ఒకటి కాదు, 193 వేలల్లో కనిపించిందని కంగారుపడకండి, దాని పరిమితి సాధారణంగా లక్షల్లో ఉంటుంది.

నేను పెట్టుకునేది 240. గంట పెట్టుకోవచ్చు కదా అంటే, అక్కడే రెండో చిక్కు ఉంది. ఆ స్మార్ట్ పట్టికను గమనించే స్మార్ట్‌డీ అనే ప్రోగ్రాం మామూలుగా 1800 సెకన్లకోసారి, అంటే అరగంటకోసారి డిస్కును పలకరిస్తుంది. చాలా డ్రైవుల్లో ఆ పలకరింపుతోనే టైమర్ మొదటికి వస్తుంది. టైమర్ గంట, పలకరింపు అరగంటకోసారి అయితే డిస్కు ఇక ఎప్పటికీ ఆగదు. టైమర్ చిన్నదైతే ఆగుతుంది, కానీ ఆగిన డిస్కును ఆ పలకరింపే లేపుతుంది. స్మార్ట్‌డీ కాన్ఫిగ్ ఫైల్లో డివైస్ లైన్ చివర చిన్న ఎన్ ఆప్షన్‌తో స్టాండ్‌బై (డిస్కు ఆగి పడుకున్న స్థితి) అని రాయండి, పడుకున్నదాన్ని వదిలేసి వెళ్తుంది. స్టాండ్‌బై పక్కన కామా పెట్టి 48 రాస్తే వరుసగా 48 సార్లు వదిలేశాక, అంటే రోజుకోసారి, లేపైనా సరే పరీక్ష చేస్తుంది. ఇది తప్పక పెట్టండి, నెలల తరబడి ఆరోగ్యం చూడని డిస్కు మీద ఫొటోలు ఉంచకూడదు. ఆ తర్వాత ఇంకో కామా, క్యూ అక్షరం. అది లేకపోతే 'వదిలేశాను' అని లాగ్ రాస్తుంది, లాగ్ అదే డిస్కు మీద ఉంటే ఆ రాతే దాన్ని లేపుతుంది.

మిగతా దోషులను పట్టుకోవడానికి ప్రాక్ ఫోల్డర్‌లోని డిస్క్‌స్టాట్స్ ఫైల్ చాలు. డిస్కు పేరు తర్వాత మొదటి అంకె చదివినవి, అయిదో అంకె రాసినవి. పడుకునే ముందు ఒకసారి, పొద్దున ఒకసారి రాసుకోండి. రాసినవి పెరిగితే ఫాట్రేస్ నడిపి ఏ ప్రోగ్రాం ఏ ఫైల్ ముట్టుకుంటోందో చూడండి. అంకెలు కదలకుండానే డిస్కు లేస్తోందంటే అది ఫైళ్ల పని కాదు, మళ్లీ స్మార్ట్ వైపు వెతకండి. కొత్తగా ఎక్స్‌ట్4 (లైనక్స్ ఫైల్ సిస్టం) ఫార్మాట్ చేసినవాళ్లు ఒక రోజు ఓపిక పట్టండి, ఫార్మాట్‌లో మిగిలిపోయినదాన్ని తర్వాత పూర్తిచేసే దాని లేజీ ఇనిట్ పని వెనకాల నడుస్తూ రాస్తూనే ఉంటుంది, అది ఫాట్రేస్‌కు కనపడదు, డిస్కును ఏ పని వాడుతోందో చూపే ఐవోటాప్‌లో కనిపిస్తుంది. ఫైల్ చదివిన ప్రతిసారీ ఆ సమయాన్ని డిస్కు మీద రాయొద్దని చెప్పే నోఏటైమ్ ఆప్షన్ సంగతి మీకు తెలిసిందే.

నాకు రాసినవాళ్లలో ఎక్కువమంది దగ్గర చివరికి దొరికింది మీడియా సర్వర్ డేటాబేస్. సినిమాలు ఉన్న డిస్కు మీదే డేటాబేస్ కూడా పెట్టారు. దాన్ని ఎస్‌ఎస్‌డీకి మార్చగానే డిస్కు రాత్రంతా పడుకుంది. ఇంకొకరికి ఫొటోల థంబ్‌నెయిల్స్, ఇంకొకరికి ఆగకుండా నడిచే టోరెంట్. ఓఎస్, లాగ్‌లు, డేటాబేస్‌లు అన్నీ ఎస్‌ఎస్‌డీ మీద, పెద్ద డిస్కుల మీద ఎప్పుడో ముట్టుకునే ఫైళ్లు మాత్రమే. ఇంట్లో నేను రెయిడ్ 5 వాడనిది కూడా ఇందుకే. అందులో ఫైల్ ముక్కలుగా డిస్కులన్నిటి మీదా ఉంటుంది కాబట్టి ఒక సినిమా చూడాలన్నా డిస్కులన్నీ లేవాలి. ఒక్కో ఫైలును ఒక్కో డిస్కు మీదే ఉంచి కాపాడే స్నాప్‌రెయిడ్, ఆ డిస్కులన్నిటినీ ఒకే ఫోల్డర్‌గా చూపే మెర్జర్‌ఎఫ్‌ఎస్ కలిపి వాడితే సినిమా ఉన్న డిస్కు ఒక్కటే తిరుగుతుంది.

పెద్ద ఎత్తున డేటా దాచేవాళ్లూ ఈ దారిలోనే వెళ్లారు. 2002లో కొలరాడో విశ్వవిద్యాలయం నుంచి కొలరెల్లీ, గ్రన్‌వాల్డ్ అనే ఇద్దరు మెయిడ్ పద్ధతిని ప్రతిపాదించారు, డేటా దాచే టేపుల బదులు ఎక్కువ భాగం ఆగి ఉండే డిస్కుల వరస. 2014లో మైక్రోసాఫ్ట్ పెలికాన్ అనే డేటా నిల్వ ర్యాక్‌లో 1,152 డిస్కులుంటే ఒకేసారి తిరిగేవి 8 శాతమే, మిగతావి తిప్పేంత కరెంటూ చల్లదనమూ ఆ ర్యాక్‌కు అసలు ఇవ్వలేదు. మన లెక్క చిన్నది. నాలుగు డిస్కులు రోజుకు 20 గంటలు ఆగితే నెలకు దాదాపు 10 యూనిట్లు. బిల్లు స్లాబు అంచున ఉన్నవాళ్లకు అదీ తక్కువేం కాదు, ఇన్వర్టర్ మీద నడిపేవాళ్లకైతే కరెంటు పోయినప్పుడు ఇంకా బాగా తెలుస్తుంది.

అభ్యాసం కష్టమే, అయినా చేయండి. 5 నిమిషాలకోసారి క్రాన్‌తో (వేళకు పనులు నడిపే ప్రోగ్రాం) రెండు విషయాలు ఎస్‌ఎస్‌డీ మీది ఫైల్లో రాయించండి: హెచ్‌డీపార్మ్ పెద్ద సీ ఆప్షన్ ఇచ్చే జవాబు (డిస్కు తిరుగుతోందా పడుకుందా అన్నది, అడిగినంత మాత్రాన డిస్కు లేవదు), డిస్క్‌స్టాట్స్‌లోని ఆ రెండు అంకెలు. వారం రోజులు ఏ సెట్టింగూ మార్చకుండా ఉంచండి. డిస్కుకు 2,016 లైన్లు వస్తాయి. స్టాండ్‌బై నుంచి యాక్టివ్‌కు మారిన ప్రతి చోటా పక్కన కారణం రాయండి: మీరు, ఇంట్లోవాళ్లు, స్మార్ట్‌డీ, డేటాబేస్, ఇలా. కారణం దొరకని లైన్లు మాత్రమే నాకు పంపండి, రెయిడ్ పాఠం కన్నా ముందు వాటిని చూస్తాను.